సిగరెట్ మానాలనుకుని వేప్ కొనేవాళ్లకు: పరికరం, బ్యాటరీ, షాపులో వినిపించే మాటలు

వేప్ అంటే నికోటిన్ ద్రవాన్ని వేడి చేసి ఆవిరిగా పీల్చే ఎలక్ట్రానిక్ సిగరెట్. ఇది ఎవరి కోసం రాస్తున్నానో ముందే చెప్పాలి. బ్రిటన్‌లో ఉంటూ, రోజూ సిగరెట్లు కాలుస్తూ, ఇక మానేయాలని గట్టిగా అనుకుంటున్న 18 ఏళ్లు దాటిన తెలుగువాళ్ల కోసం. మీకు సిగరెట్ అలవాటే లేకపోతే వేప్ జోలికి వెళ్లకండి. నికోటిన్ పట్టుకుంటే తేలిగ్గా వదలదు, లేని అలవాటును డబ్బిచ్చి తెచ్చుకోవడంలో అర్థం లేదు.

భారత్‌లో ఉండి చదువుతున్నవాళ్లకు ఒక మాట. 2019లో కేంద్రం తెచ్చిన ఎలక్ట్రానిక్ సిగరెట్ల నిషేధ చట్టం ప్రకారం వీటిని తయారు చేయడం, దిగుమతి చేసుకోవడం, అమ్మడం, పంచడం, నిల్వ చేయడం, ప్రకటనలు ఇవ్వడం అన్నీ నేరాలే. నిల్వ తప్ప మిగతా నేరాల్లో మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నిల్వకైతే ఆరు నెలల వరకు జైలు, లేదా 50 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎవరైనా చాటుగా అమ్ముతుంటే అది ఏ తనిఖీ లేకుండా వచ్చిన సరుకు. అందులో ఏం పోశారో, ఏ బ్యాటరీ పెట్టారో చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. అక్కడ మానాలనుకునేవాళ్లకు నికోటిన్ గమ్, ప్యాచ్, డాక్టర్ సలహా ఉన్నాయి. అదే సరైన దారి.

బ్రిటన్‌లో పరిస్థితి వేరు. పెద్దవాళ్లు సిగరెట్ మానడానికి వేప్ ఒక సాధనమని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ బాహాటంగానే చెబుతుంది. 10 లక్షల మంది స్మోకర్లకు స్టార్టర్ కిట్లు ఇస్తామంటూ 2023లో ఇంగ్లండ్‌లో ఒక పథకం కూడా ప్రకటించారు. నికోటిన్ ఉన్న వేప్‌తో సిగరెట్ మానినవాళ్లు గమ్, ప్యాచ్‌లతో మానినవాళ్ల కంటే ఎక్కువని, ఎన్నో అధ్యయనాలను కలిపి చూసే కాక్రేన్ సమీక్ష తేల్చింది. కారణం సులువే. సిగరెట్‌లో ఎక్కువ హాని మంటలోంచి వస్తుంది. ఆకు మండినప్పుడే తారు, కార్బన్ మోనాక్సైడ్ పుడతాయి. వేప్‌లో ఏదీ మండదు, ద్రవం వేడెక్కి ఆవిరవుతుంది. అంతమాత్రాన హాని లేదని ఎవరూ అనడం లేదు. ఏళ్ల తరబడి పీల్చితే ఏమవుతుందన్నది పూర్తిగా తేలడానికి ఇంకా సమయం పడుతుంది. గర్భిణులైతే ముందు మిడ్‌వైఫ్‌తో మాట్లాడండి, వాళ్లకు మొదట సూచించేది ప్యాచ్, గమ్ లాంటివే.

షాపులోకి అడుగుపెడితే పాడ్, మోడ్, సబ్ ఓమ్, నిక్ సాల్ట్, షార్ట్‌ఫిల్ అంటూ మాటల వర్షం కురుస్తుంది. అందులో సగం మీకు అక్కర్లేదు. నా ఉద్దేశంలో మూడు అంకెలు అర్థమైతే చాలు: లిక్విడ్‌లో నికోటిన్ ఎన్ని ఎంజీలు, కాయిల్ ఎన్ని ఓమ్‌లు, బ్యాటరీ ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదు. మొదటి అంకె సరిగ్గా ఉంటే మళ్లీ సిగరెట్ ముట్టుకోరు. రెండోది సరిగ్గా ఉంటే దగ్గు, తల తిరగడం తగ్గుతాయి. మూడోది సరిగ్గా ఉంటే చేతిలో పేలే ప్రమాదం తగ్గుతుంది.

ముందు పరికరాన్ని విప్పి చూడండి

ఎంత ఖరీదైన వేప్ అయినా లోపల ఉండేవి నాలుగే. కరెంటు ఇచ్చే బ్యాటరీ, లిక్విడ్ నిలిచే ట్యాంక్ లేదా పాడ్, వేడెక్కే కాయిల్, నోట్లో పెట్టుకునే మౌత్‌పీస్. కాయిల్ అంటే సన్నని లోహపు తీగ చుట్ట, లేదా జల్లెడలాంటి రేకు. దాన్ని ఆనుకుని పత్తి ఉంటుంది. దీపంలో వత్తి నూనె పీల్చుకున్నట్టే ఆ పత్తి లిక్విడ్‌ను పీల్చుకుని కాయిల్‌కు అందిస్తుంది. మీరు బటన్ నొక్కినా, ఊరికే లాగినా కాయిల్‌లో కరెంటు పారి, పత్తిలోని లిక్విడ్ ఆవిరవుతుంది. ఇక్కడ పత్తి తడిగా ఉండడమే అన్నిటికంటే ముఖ్యం. వేప్‌లో వచ్చే సమస్యల్లో ఎక్కువ భాగం పత్తి ఎండిపోవడం వల్లో, మరీ నానిపోవడం వల్లో వస్తాయి.

రకాల సంగతి. వాడి పారేసే డిస్పోజబుల్స్‌ను 2025 జూన్ 1 నుంచి బ్రిటన్ అంతటా నిషేధించారు. కౌంటర్ కింద నుంచి తీసి ఎవరైనా అమ్మజూపితే ఆ షాపులో మరేదీ కొనకండి. ఇప్పుడు కొత్తవాళ్లకు సరిపోయేది పాడ్ కిట్. అరచేతిలో ఇమిడిపోతుంది, బ్యాటరీ లోపలే ఉంటుంది, టైప్ సీ కేబుల్‌తో చార్జ్ అవుతుంది, పాడ్‌లో లిక్విడ్ నింపుకోవచ్చు. కంపెనీ నింపి ఇచ్చే పాడ్‌లు కూడా ఉన్నాయి కానీ, మనమే నింపుకునేది కొంటే ఖర్చు చాలా తగ్గుతుంది, నికోటిన్ మోతాదు మన చేతిలో ఉంటుంది. నేనైతే మొదటిసారి కొనేవాళ్లకు ఇదే చెబుతాను.

పాడ్ కంటే కాస్త పొడవుగా, గొట్టంలా ఉండేది వేప్ పెన్. పెట్టెలా ఉండి, తెర మీద వాట్లు చూపించేది మోడ్. మోడ్‌లలో చాలావాటికి బ్యాటరీ విడిగా కొనాలి. ట్యాంకును మోడ్‌కు బిగించే మరను 510 అంటారు. చాలా కంపెనీలు అదే కొలత వాడతాయి కాబట్టి ఒకరి ట్యాంకు మరొకరి మోడ్‌కు సరిపోతుంది. ఆర్‌డీఏ, ఆర్‌టీఏ అన్న పేర్లు వింటే అవి తీగను స్వయంగా చుట్టుకునేవాళ్ల సరుకని గుర్తుపెట్టుకుని పక్కకు తప్పుకోండి. సిగరెట్ మానడానికి అవేవీ అవసరం లేదు.

మెకానికల్ మోడ్ విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. అది లోపల ఏ సర్క్యూటూ లేని లోహపు గొట్టం. బటన్ నొక్కితే బ్యాటరీ నేరుగా కాయిల్‌కు కలుస్తుంది. షార్ట్ అయితే ఆపేది ఏమీ ఉండదు. కొత్తవాళ్లు దాన్ని చేతిలోకి కూడా తీసుకోవద్దు. స్నేహితుడు వాడుతున్నాడని, పొగ బాగా వస్తుందని ఆశపడొద్దు.

ఎలా లాగుతారో దాన్ని బట్టి ఓమ్

సిగరెట్ లాగేటప్పుడు గమనించండి. పొగ ముందు నోట్లోకి వస్తుంది, తర్వాత ఊపిరితో లోపలికి వెళ్తుంది. వేప్ భాషలో దీన్ని ఎంటీఎల్ అంటారు. హుక్కా అలా ఉండదు, ఒక్క ఊపిరిలో నేరుగా ఊపిరితిత్తుల్లోకి లాగుతారు. దానికి డీటీఎల్ అని పేరు. సిగరెట్ నుంచి వచ్చేవాళ్లకు ఎంటీఎల్ అలవాటైన పద్ధతి, కాబట్టి దాంతోనే మొదలుపెట్టండి.

ఓమ్ అంటే కరెంటుకు కాయిల్ ఇచ్చే అడ్డు. అంకె ఎక్కువైతే కరెంటు తక్కువ పారుతుంది, వేడి తక్కువ, ఆవిరి తక్కువ. అంకె తగ్గేకొద్దీ అన్నీ పెరుగుతాయి, బ్యాటరీ మీద భారం కూడా. ఎంటీఎల్‌కు 0.8 నుంచి 1.2 ఓమ్‌ల కాయిల్ హాయిగా ఉంటుంది. 1 ఓమ్ కంటే తక్కువున్న వాటిని సబ్ ఓమ్ అంటారు. 0.4, 0.2 దగ్గరకు వచ్చేసరికి అది పూర్తిగా డీటీఎల్ వ్యవహారం, దానికి పెద్ద బ్యాటరీ, తక్కువ నికోటిన్ లిక్విడ్ కావాలి. కాయిల్ మీద ఓమ్‌తోపాటు ఎన్ని వాట్ల మధ్య వాడాలో కూడా చెక్కి ఉంటుంది. మోడ్‌లో వాట్లు పెట్టుకునే వీలుంటే ఎప్పుడూ ఆ హద్దుల్లో కింది అంకెతో మొదలుపెట్టి, చాలకపోతే కొద్దికొద్దిగా పెంచండి.

టెంపరేచర్ కంట్రోల్ అనే సెట్టింగ్ కనిపిస్తే ఇప్పటికి వదిలేయండి. అది నికెల్, టైటానియం, స్టెయిన్‌లెస్ స్టీల్ తీగలకు పనిచేస్తుంది. ఎక్కువగా దొరికే కాంతల్ తీగ కాయిల్‌కు వాట్ల సెట్టింగ్ సరిపోతుంది.

లిక్విడ్: సీసా మీద ఏం చూడాలి

లిక్విడ్‌లో ఉండేవి పీజీ, వీజీ, ఫ్లేవర్, నికోటిన్. పీజీ అంటే ప్రొపిలీన్ గ్లైకాల్, పల్చగా ఉంటుంది, గొంతుకు సిగరెట్ ఘాటును ఇస్తుంది. వీజీ అంటే వెజిటబుల్ గ్లిజరిన్, చిక్కగా ఉంటుంది, ఆవిరి దట్టంగా వస్తుంది. పాడ్ కిట్‌కు రెండూ సగం సగం ఉన్న సీసా తీసుకోండి. వీజీ 70 శాతం ఉన్న చిక్కటి లిక్విడ్ చిన్న కాయిల్‌లోకి సరిగ్గా దిగదు, పత్తి ఎండి మాడిపోతుంది. ఆ లిక్విడ్ పెద్ద సబ్ ఓమ్ ట్యాంకుల కోసం.

నికోటిన్ రెండు రూపాల్లో దొరుకుతుంది. ఫ్రీబేస్ పాత రకం, మోతాదు పెరిగేకొద్దీ గొంతులో బాగా గుచ్చుతుంది. నిక్ సాల్ట్‌లో నికోటిన్‌ను బెంజోయిక్ ఆమ్లం లాంటి దానితో కలుపుతారు, అందువల్ల ఎక్కువ మోతాదులో కూడా గొంతుకు మృదువుగా ఉంటుంది. సిగరెట్ బాగా అలవాటైనవాళ్లకు నిక్ సాల్ట్ త్వరగా తృప్తినిస్తుంది. బ్రిటన్ చట్టం ప్రకారం నికోటిన్ ఒక మిల్లీలీటరుకు 20 ఎంజీ దాటకూడదు. నికోటిన్ ఉన్న సీసా 10 మిల్లీలీటర్ల కంటే పెద్దగా ఉండకూడదు, ట్యాంకు 2 మిల్లీలీటర్లకు మించకూడదు. కొన్ని సీసాల మీద శాతంలో రాస్తారు. 2 శాతం అంటే అదే 20 ఎంజీ.

మీకెంత కావాలి? రోజుకు ఒక పెట్టె, అంటే 20 వరకు కాలుస్తుంటే, ముఖ్యంగా నిద్రలేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ పడాల్సి వస్తుంటే 18 లేదా 20 ఎంజీతో మొదలుపెట్టండి. రోజుకు 10 దాకా అయితే 10 నుంచి 12. ఎప్పుడో రెండు మూడు అయితే 6 చాలు. ఇక్కడ మనవాళ్లు చాలామంది తప్పుదారి పట్టేది భయంతో. నికోటిన్ ఎంత తక్కువైతే అంత మంచిదనుకుని 3 ఎంజీ కొంటారు, తృప్తి ఉండదు, మూడో రోజుకి జేబులోకి సిగరెట్ పెట్టె వచ్చేస్తుంది. వేప్ పనిచేయలేదని తీర్మానించేస్తారు. మొదట్లో సరిపడా నికోటిన్ తీసుకోవడం వల్లే సిగరెట్ వదులుతుంది. తగ్గించుకునే సంగతి తర్వాత.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. 20 ఎంజీ నిక్ సాల్ట్‌ను 0.2 ఓమ్ ట్యాంకులో పోస్తే ఒక్కో దమ్ముకు మోతాదు విపరీతంగా ఎక్కుతుంది. తల తిరుగుతుంది, వాంతి వచ్చినట్టుంటుంది, గుండె దడ. అలా అనిపిస్తే వెంటనే ఆపి కూర్చోండి, కాసేపు ముట్టుకోకండి. 0.4, 0.2 లాంటి సబ్ ఓమ్ కాయిల్స్‌లో 3 నుంచి 6 ఎంజీ సరిపోతుంది.

షార్ట్‌ఫిల్ అంటే నికోటిన్ లేని 50 మిల్లీలీటర్ల లిక్విడ్‌ను 60 పట్టే సీసాలో ఖాళీ వదిలి అమ్మేది. అందులో 18 ఎంజీ నిక్ షాట్ ఒకటి, అంటే నికోటిన్ ఉన్న 10 మిల్లీలీటర్ల చిన్న సీసా కలిపితే 180 ఎంజీ మొత్తం 60 మిల్లీలీటర్లలో పరుచుకుని 3 ఎంజీ అవుతుంది. ఈ లెక్క తెలియక 50 మిల్లీలీటర్ల సీసా చవకని కొని, అందులో నికోటినే లేదని తర్వాత గ్రహించేవాళ్లున్నారు.

లిక్విడ్‌లో సొంతంగా ఏమీ కలపకండి. వంటింటి ఎసెన్స్ నూనెతో చేసినదైతే ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 2019లో అమెరికాలో వేప్ వల్ల 2,800 మందికి పైగా ఊపిరితిత్తులు దెబ్బతిని ఆసుపత్రుల పాలయ్యారు, 68 మంది చనిపోయారు. దానికి ప్రధాన కారణం గంజాయి సారం ఉన్న అనధికార కార్ట్రిడ్జుల్లో కలిపిన విటమిన్ ఈ ఎసిటేట్ అనే నూనె పదార్థమని తేలింది. షాపులో సీలు వేసి ఇచ్చిన సీసా తప్ప మరేదీ పోయొద్దు.

ఇంట్లో పిల్లలుంటే సీసా వాళ్లకు అందని చోట, తాళం వేసి పెట్టండి. నికోటిన్ ద్రవం మింగితే పసిపిల్లలకు ప్రాణాపాయం. చేతి మీద పడితే సబ్బుతో కడుక్కోండి. ఎవరైనా మింగారని అనుమానం వస్తే ఆలోచించకుండా అత్యవసర నంబరు 999కి ఫోన్ చేయండి.

మొదటిసారి నింపి లాగడం

కొత్త కాయిల్ పెట్టగానే పత్తి మీద నాలుగైదు చుక్కల లిక్విడ్ వేయండి. తర్వాత పాడ్ నింపి, కనీసం పది నిమిషాలు కదపకుండా వదిలేయండి. దీన్ని ప్రైమింగ్ అంటారు. కాయిల్ కదలకుండా పాడ్‌లోనే బిగించి వచ్చేదైతే నింపి ఆగితే చాలు. ఆత్రంగా పొడి పత్తి మీద బటన్ నొక్కితే ఒక్క క్షణంలో మాడిపోతుంది, ఆ మాడు రుచి ఇక పోదు, కొత్త కాయిల్ కొనాల్సిందే.

బటన్ ఉన్న పరికరాలు చాలావరకు ఐదుసార్లు గబగబా నొక్కితే ఆన్ అవుతాయి, మళ్లీ ఐదుసార్లు నొక్కితే ఆఫ్. జేబులో పెట్టుకునే ముందు ఆఫ్ చేయడం అలవాటు చేసుకోండి.

సిగరెట్‌ను గట్టిగా, త్వరగా పీలుస్తాం. వేప్‌ను అలా లాగితే లిక్విడ్ నోట్లోకి వస్తుంది. మూడు నాలుగు సెకన్లు నిదానంగా, మెల్లగా లాగండి. ఒక్కో దమ్ము మధ్య అర నిమిషమైనా ఆగండి, పత్తి మళ్లీ తడవాలి కదా. మొదటి రోజుల్లో దగ్గు వస్తుంది, గొంతు ఎండుతుంది. మంచినీళ్లు తాగుతుండండి. సిగరెట్ నుంచి నికోటిన్ అందినంత వేగంగా వేప్ నుంచి అందదు, కాబట్టి సిగరెట్‌లా ఐదు నిమిషాల్లో ముగించేయాలని చూడకండి. కోరిక పుట్టినప్పుడు కొన్ని దమ్ములు, మళ్లీ పక్కన పెట్టడం.

పొద్దున వేప్, రాత్రి సిగరెట్ అని రెండూ నెలల తరబడి సాగిస్తే ఆరోగ్యానికి దక్కేది చాలా తక్కువ. మొదటి వారం రెండు వారాలు తడబడితే ఫర్వాలేదు గానీ, పూర్తిగా మారాలన్న లక్ష్యం మాత్రం వదలొద్దు. మీ కౌన్సిల్ పరిధిలో ఉండే స్టాప్ స్మోకింగ్ సర్వీసు ఉచితం. వాళ్లు వారాల తరబడి వెంట ఉంటారు. మొహమాటపడకుండా వాడుకోండి.

బ్యాటరీ: ఇక్కడ తొందర పనికిరాదు

పాడ్ కిట్‌లో ఉన్నా, మోడ్‌లో పెట్టినా అది లిథియం అయాన్ సెల్లే. ఫోన్‌లో ఉండేదీ ఇదే జాతి. కొద్ది చోటులో చాలా శక్తి దాచుకుంటుంది. ఆ శక్తి ఒక్కసారిగా బయటికి వస్తే మంటే.

లోపలే బ్యాటరీ ఉన్న పాడ్ కిట్ కొన్నవాళ్లకు జాగ్రత్తలు కొన్నే. పరికరంతో వచ్చిన కేబుల్ వాడండి. ల్యాప్‌టాప్‌ల కోసం ఇచ్చే ఫాస్ట్ చార్జర్‌కు, మాన్యువల్‌లో సరేనని ఉంటే తప్ప, పెట్టకండి. మంచం మీద, దిండు కింద, సోఫాలో చార్జింగ్ వద్దు. గట్టి బల్ల మీద, మీ కళ్ల ముందు పెట్టండి. నిండగానే తీసేయండి. లెస్టర్‌లోనో ఈస్ట్ హామ్‌లోనో నలుగురైదుగురు కలిసి ఒకే ఇంట్లో ఉండే విద్యార్థులకు ఇంకొక మాట. బయటికి వెళ్లే దారిలో, మెట్ల కింద రాత్రంతా ఏ చార్జరూ వదలకండి. అక్కడ మంట లేస్తే తప్పించుకునే దారే మూసుకుపోతుంది. ఇంట్లో పొగ అలారం పనిచేస్తోందో లేదో బటన్ నొక్కి చూడండి, పనిచేయకపోతే ఇంటి యజమానిని గట్టిగా అడగండి.

విడి సెల్ వాడే మోడ్ కొంటే చదవాల్సింది ఎక్కువ. సెల్ పేరులోనే దాని కొలత ఉంటుంది. 18650 అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు, చివరి సున్నా గుండ్రని గొట్టం ఆకారానికి గుర్తు. 21700 దానికంటే లావు, పొడవు. పూర్తిగా నిండితే 4.2 వోల్టులు, మామూలుగా 3.6 లేదా 3.7, సుమారు 3.2 దగ్గర చాలా మోడ్‌లు బ్యాటరీ అయిపోయిందని ఆపేస్తాయి.

సెల్ మీద రెండు అంకెలు చూడాలి. ఎంఏహెచ్ అంటే ఎంతసేపు వస్తుందో చెప్పేది. ఆంపియర్లు అంటే ఒకేసారి ఎంత కరెంటును సురక్షితంగా ఇవ్వగలదో చెప్పేది. కొత్తవాళ్లు ఎంఏహెచ్ చూసి మురిసిపోతారు, కానీ ప్రమాదం తెలిపేది ఆంపియర్ల అంకె. ఒకే సైజు సెల్‌లో సాధారణంగా ఈ రెండిటిలో ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. శాంసంగ్ 25ఆర్ 2500 ఎంఏహెచ్, 20 ఆంపియర్లు. ఎల్‌జీ హెచ్‌జీ2 3000 ఎంఏహెచ్, 20 ఆంపియర్లు. సోనీ చేసి, తర్వాత మురాటా చేతికి వెళ్లిన వీటీసీ6 కూడా 3000 ఎంఏహెచ్, 15 ఆంపియర్లు. వీటిని బట్టి ఒక కొలమానం దొరుకుతుంది. 18650 మీద 6000, 9900 ఎంఏహెచ్ అని రాసి ఉంటే అది పచ్చి అబద్ధం. ఆ సైజులో అంత శక్తి పట్టదు. అలాగే పల్స్ అని రాసి పెద్ద ఆంపియర్లు చూపిస్తే నమ్మకండి, అది క్షణకాలపు అంకె. మీకు కావాల్సింది ఆగకుండా ఇచ్చే కరెంటు, దాన్నే సీడీఆర్ అంటారు.

ఇప్పుడు లెక్క. సర్క్యూట్ ఉన్న మోడ్‌లో వాట్లను సెల్ అడుగు వోల్టేజితో, అంటే మోడ్ ఆగిపోయే 3.2తో భాగించండి. 40 వాట్లు పెట్టుకుంటే 40ని 3.2తో భాగించగా 12.5 ఆంపియర్లు. సర్క్యూట్‌లో పోయే కొంత శక్తిని కూడా కలుపుకుంటే 14 అనుకోండి. 20 ఆంపియర్ల సెల్ హాయిగా తట్టుకుంటుంది. అదే ఒక్క సెల్ మోడ్‌లో 60 వాట్లు పెడితే లెక్క 21 దాకా వస్తుంది, ఆ సెల్‌కు అది హద్దు దాటిన పని. చార్జ్ తగ్గేకొద్దీ అదే వాట్ల కోసం మోడ్ మరింత కరెంటు లాగుతుంది కాబట్టే నిండు వోల్టేజి 4.2తో లెక్క వేయకూడదు. సర్క్యూట్ లేని మెకానికల్‌లో లెక్క తిరగబడుతుంది. 4.2ను ఓమ్‌లతో భాగించాలి, 0.2 ఓమ్ కాయిల్‌కు 21 ఆంపియర్లు. అక్కడ కాయిల్ కొద్దిగా షార్ట్ అయినా ఆ అంకె ఎక్కడికి పోతుందో ఊహించుకోండి.

సెల్‌ను చేతిలోకి తీసుకుని చూడండి. పై చివర, చిన్న బొడిపె ఉన్నా చదునుగా ఉన్నా, పాజిటివ్. మిగతా ఒళ్లంతా, పాజిటివ్ పక్కనున్న అంచుతో సహా, నెగటివే. ఆ రెండిటి మధ్య అడ్డుగా ఉన్నది ఒక సన్నటి రింగు, పల్చటి ప్లాస్టిక్ తొడుగు మాత్రమే. అందుకే తొడుగు చిరిగిన సెల్‌ను ఒక్కసారి కూడా వాడకూడదు. చాలా వేప్ షాపుల్లో నిమిషాల్లో కొత్త తొడుగు వేసి ఇస్తారు. లోహానికి సొట్ట పడితే మాత్రం అది తొడుగుతో బాగుపడదు, రీసైక్లింగ్‌కు ఇచ్చేయండి.

వేప్ వల్ల కాలిన గాయాల్లో చాలావరకు జేబులోనే జరిగాయి. విడి సెల్‌ను తాళంచెవులు, చిల్లర నాణేలతో కలిపి జేబులో వేసుకుంటే అవి రెండు చివరలనూ కలిపేస్తాయి. సెల్ కొన్ని క్షణాల్లోనే సలసల కాగి, తొడ మీదే మండుతుంది. సెల్ కొన్న రోజే చిన్న ప్లాస్టిక్ డబ్బా కూడా కొనండి, ఒకటి రెండు పౌండ్లే. డబ్బా లేకుండా సెల్ ఇంటి గడప దాటకూడదన్నది నేను ఎవరికైనా చెప్పే మొదటి నియమం.

రెండు సెల్స్ వాడే మోడ్ అయితే ఒకే రోజు కొన్న, ఒకే మోడల్ జంట వాడండి. వాటికి గుర్తు పెట్టుకుని ఎప్పుడూ కలిపే వాడండి, కలిపే చార్జ్ చేయండి. పాతదానితో కొత్తదాన్ని కలపొద్దు. చార్జింగ్‌కు విడి చార్జర్ మేలు, వేగం 1 ఆంపియర్ దాటనవసరం లేదు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి తీసిన సెల్స్ ఎవరిచ్చినా పుచ్చుకోకండి. ఎండలో కారులో వదలకండి. ఉబ్బినా, బుస్సుమన్నా, ముట్టుకోలేనంత వేడెక్కినా దాన్ని చేతపట్టుకుని చూస్తూ నిలబడొద్దు. దూరం జరగండి. మంట లేస్తే అందరినీ బయటికి తెచ్చి 999కి ఫోన్ చేయండి.

పాడైన సెల్‌ను, పాత వేప్‌ను ఇంటి చెత్తబుట్టలో వేయకండి. చెత్త లారీలో నలిగి అక్కడ మంటలు లేస్తున్నాయి. వేప్ అమ్మే షాపులు పాతవి తిరిగి తీసుకోవాలి, అడిగి ఇచ్చేయండి.

చిన్న చిన్న ఇబ్బందులు

లాగితే మాడు వాసన వస్తే దాన్ని డ్రై హిట్ అంటారు. లిక్విడ్ అయిపోయి ఉండాలి, లేదా వాట్లు ఎక్కువై ఉండాలి, లేదా కాయిల్ ఆయుష్షు తీరి ఉండాలి. మామూలుగా కాయిల్ ఒకటి రెండు వారాలు వస్తుంది. బాగా తీపి ఫ్లేవర్లు కాయిల్ మీద నల్లటి మడ్డి కట్టించి త్వరగా చంపేస్తాయి. గుర్‌గుర్‌మంటూ శబ్దం, నోట్లోకి వేడి చుక్కలు చిమ్మడం అంటే కాయిల్‌లో లిక్విడ్ ఎక్కువైంది. పాడ్ తీసి టిష్యూ మీద రెండుసార్లు విదిలిస్తే సరిపోతుంది. తెర మీద నో అటామైజర్ అని వస్తే కాయిల్ సరిగ్గా బిగియలేదు, తుడిచి మళ్లీ బిగించండి. షార్ట్ అని వస్తే ఆ కాయిల్ పారేయండి, పదేపదే ప్రయత్నించకండి.

ఇండియాకు వెళ్లేటప్పుడు

విమానాల్లో లిథియం బ్యాటరీలున్న వేప్‌లను చెక్ ఇన్ సామానులో పెట్టకూడదు, చేతి సంచిలోనే తీసుకెళ్లాలి, లోపల వాడకూడదు, చార్జ్ చేయకూడదు. ఇది అన్ని ప్రయాణాలకు వర్తించే నియమం. కానీ హైదరాబాద్‌కో విశాఖకో వెళ్తున్నప్పుడు వేప్‌ను అసలు వెంట తీసుకెళ్లకండి. భారత చట్టంలో దిగుమతి నిషిద్ధం, సొంతానికి ఒక్కటే అన్నా మినహాయింపు ఏదీ రాసి లేదు. దారిలో సింగపూర్‌లోనో థాయ్‌లాండ్‌లోనో దిగినా ఇదే చిక్కు, రెండు దేశాల్లోనూ నిషేధం ఉంది. బయల్దేరే ముందు ఫార్మసీలో నికోటిన్ ప్యాచ్‌లు, గమ్ తీసుకోండి, ఎన్ని ఎంజీలవి సరిపోతాయో ఫార్మసిస్ట్‌నే అడగండి. ఊళ్లో పెళ్లిళ్లకు, పండగలకు నలుగురూ సిగరెట్ వెలిగించే చోట అవి దగ్గర లేకపోతే మళ్లీ మొదటికి రావడం చాలా తేలిక.

మోతాదు తగ్గించడం

సిగరెట్ మీదకు ధ్యాస పోవడం పూర్తిగా ఆగిపోయాకే దీన్ని మొదలుపెట్టండి. కొందరికి అది రెండు మూడు నెలల్లో వస్తుంది, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది, తొందర వద్దు. 20 ఎంజీ వాడుతున్నవాళ్లు తర్వాతి సీసా 10 లేదా 12 కొనండి. దమ్ముల సంఖ్య పెరగకుండా కొన్ని వారాలు గడిస్తే 6కి, తర్వాత 3కి దిగండి. ఏ మెట్టు దగ్గరైనా సిగరెట్ గుర్తుకొస్తుంటే వెనక్కి ఒక మెట్టు ఎక్కి కొన్నాళ్లు అక్కడే ఉండండి. నిద్రలేవగానే, భోజనం కాగానే వేసే దమ్ములు చివరిదాకా ఉంచుకుని, ముందు ఫోన్ చూస్తూ, బస్సు కోసం ఎదురుచూస్తూ అలవాటుగా లాగేవాటిని తీసేయండి. 3 ఎంజీ దగ్గర కొన్ని వారాలు ఇబ్బంది లేకుండా గడిచాక నికోటిన్ లేని సీసా ఒకటి కొని, అది అయిపోయాక మరొకటి కొనకండి.